బాయిలర్ కింద బకెట్

న్యూజెర్సీలో మాది పాత ఇల్లు. బేస్‌మెంట్‌లో బాయిలర్ నీళ్ళు కాస్తుంది, ఆ నీళ్ళు గోడల వెంట పైపుల్లో తిరుగుతూ ఇల్లంతా వెచ్చబరుస్తాయి. ఒక జనవరిలో ఆ బాయిలర్ పక్క గొట్టంలోంచి నీళ్ళు కారడం మొదలైంది. వచ్చిన మెకానిక్ రిలీఫ్ వాల్వు మార్చి డబ్బు తీసుకెళ్ళాడు. నెల తిరక్కుండానే మళ్ళీ గొట్టం కింద బకెట్. మళ్ళీ అదే వాల్వు మార్చాడు!

నేనేదో చెప్పబోతే అతను మా ఆయన వంక తిరిగి మాట్లాడాడు. ఆయనేమో పగలంతా ఆఫీసులో ఉంటారు. గేజి ముల్లు చూసింది నేను. చల్లగా ఉన్నప్పుడు 12 పీఎస్‌ఐ, బాయిలర్ వెలిగిన కాసేపటికి 30. ముప్ఫైకి చేరితే తెరుచుకోవడమే ఆ వాల్వు పని. పాపం, దాని తప్పేం లేదు.

వేడెక్కిన నీళ్ళు వ్యాకోచిస్తాయి. ఆ పెరిగిన నీటికి చోటివ్వడానికే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఉంది. లోపల రబ్బరు పొరకి ఒకపక్క నీళ్ళు, ఒకపక్క గాలి. పప్పు పొంగుతుందని కుక్కర్‌లో పైన ఖాళీ వదలమూ, అలాగన్నమాట. పొర చిరిగితే ఆ ఖాళీ పోతుంది. ట్యాంకుకి సైకిలు ట్యూబుకి ఉన్నలాంటి చిన్న వాల్వు ఉంటుంది. బాయిలర్ చల్లారాక దాని పిన్ను నొక్కితే గాలి రావాలి. మాకు నీళ్ళొచ్చాయి! గాలి వచ్చినా సరిపడా ఉందో లేదో తేల్చాలంటే ముందు ట్యాంకు మీద నీటి ఒత్తిడి తీసేసి కొలవాలి, అది మెకానిక్‌తోనే చేయించండి. ఇక చల్లగా ఉన్నప్పుడు కూడా ముల్లు పైకి పాకుతుంటే అనుమానించాల్సింది నీళ్ళు నింపే వాల్వుని.

తెలిసినాయన ఒకరు "ఆ గొట్టానికి బిరడా బిగించేస్తే సరి" అన్నారు. కుక్కర్ సేఫ్టీ వాల్వుని ఎవరైనా మూసేస్తారా? ప్రాణాల మీదికి వస్తుంది. అలాగని బకెట్ పారబోసుకుంటూ నెట్టుకురావడమూ తప్పే. పోయిన నీటికి బదులు కొత్త నీరు చేరుతూనే ఉంటుంది, దాంతో వచ్చే ఆక్సిజన్ ఇనుప బాయిలర్‌ని తుప్పు పట్టిస్తుంది.

అందుకే, ఇది మగవాళ్ళ వ్యవహారమని వదిలేయకండి. చల్లగా ఉన్నప్పుడెంత, వేడెక్కాక ఎంత అన్న అంకెలు రోజూ వంటింటి క్యాలెండర్ మీద రాసిపెట్టండి. మూడోసారి మెకానిక్ వచ్చినప్పుడు నేను ఆ క్యాలెండరే తీసి ముందు పెట్టాను. ట్యాంకు మార్చాలని ఈసారి నాతోనే చెప్పాడు.