ఆ కార్జాన్ని కుక్కకు వేయకండి!

వేట కోసే చోట ఎవరైనా చూడొచ్చు. కార్జం మీద నీటితిత్తులు కనిపించగానే కొట్టువాడు ఆ ముక్క కోసి అవతలికి విసిరేస్తాడు. కాచుకుని ఉన్న కుక్కలు క్షణంలో మింగేస్తాయి. హైడాటిడ్ జబ్బుకు మనం చేతులారా దారి తీస్తున్నది అక్కడే. కళ్లెదుటే జరుగుతున్నా పట్టించుకోని పంచాయతీలను, మున్సిపాలిటీలను, పశుసంవర్ధక శాఖను, ఆరోగ్య శాఖను నిలదీయాల్సిందే.

ఆ తిత్తుల్లో ఉన్నది ఒక బద్దెపురుగు పిల్లదశ. కుక్క పేగుల్లోకి చేరిన సుమారు ఏడు వారాలకు అది ఎదిగి గుడ్లు విడుస్తుంది. పురుగు బియ్యపు గింజంత. ఒక్కో కుక్కలో అవి వేలల్లో ఉండొచ్చు. మలంతో బయటపడ్డ గుడ్లు మేతబీళ్లకు, ఆకుకూరలకు, తాగేనీటికి, కుక్కను నిమిరిన పసిపిల్లల వేళ్లకు అంటుకుంటాయి. గడ్డితో పాటు వాటిని మింగిన గొర్రెకు మళ్లీ తిత్తులు. మింగిన మనిషికీ అంతే. కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో తిత్తి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. లోపల పగిలితే ప్రాణం మీదికొస్తుంది. నెలల తరబడి ఆల్బెండజోల్ మాత్రలు, కాదంటే ఆపరేషన్. కాపరి కుటుంబం ఆ ఖర్చుకు మందనే అమ్ముకోవాలి.

మటన్ తింటే ఈ జబ్బు వస్తుందని కొందరు భయపెడతారు. అబద్ధం. మనిషికి అంటేది కుక్క మలంలోని గుడ్ల వల్ల. కుక్కలను చంపేయాలని ఇంకొందరు అరుస్తారు. అదీ అన్యాయమే. మనం వేసిందే అవి తిన్నాయి.

ఇది ఆగని జబ్బు కాదు. 1863లో హరాల్డ్ క్రబ్బె అనే శాస్త్రవేత్త డెన్మార్క్ నుంచి ఐస్‌లాండ్ వెళ్లి 100 కుక్కలను పరీక్షిస్తే 28 కుక్కల్లో ఈ పురుగు దొరికింది. మరుసటి ఏడాదే జనానికి అర్థమయ్యే భాషలో చిన్న పుస్తకం వేసి ఇంటింటికీ పంచారు. 1869లో ఈ జబ్బును ఆపడానికి చట్టం తెచ్చారు. నమ్మదగిన మందు లేని రోజుల్లోనే, తిత్తులున్న మాంసాన్ని కుక్కల నోటికి అందకుండా చేసి జబ్బును తరిమేశారు. న్యూజిలాండ్ 1959లో చట్టం చేసి 2002 నాటికి దాదాపు విముక్తి సాధించింది. ఇప్పుడు మన చేతిలో కుక్కల్లోని ఈ పురుగును చంపే ప్రాజిక్వాంటెల్ మాత్ర ఉంది. గొర్రెలకు టీకా కూడా ఉంది. ఇక సాకు ఏమిటి?

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. తెలంగాణ 2017 నుంచి 75 శాతం సబ్సిడీతో గొర్రెలు పంచింది. మందలు పెంచామని గొప్పలు చెప్పుకునే ప్రభుత్వాలు ఆ మందల వెంట తిరిగే కుక్కలకు మాత్ర వేయించడం తమ బాధ్యత అని ఎప్పుడు ఒప్పుకుంటాయి?

వేట కోసే ప్రతి చోటా మూత, తాళం ఉన్న లోతైన గొయ్యి తవ్వించండి. తిత్తి పట్టిన భాగాలను కాల్చేయండి. మంద కుక్కలకు ఆరు వారాలకోసారి మాత్ర వేయించండి. కోసిన జీవాన్ని పశువైద్యుడు చూడకుండా అమ్మనివ్వకండి. ముందు గొయ్యి ఇవ్వండి, ఆ తర్వాతే కొట్టువాడికి జరిమానా వేయండి. చదివేవారూ ఊరుకోకండి. మీ సర్పంచ్‌నో కౌన్సిలర్‌నో పట్టుకుని అడగండి: మన ఊళ్లో ఆ గొయ్యి ఎక్కడుంది? లేదంటే ఎప్పుడు తవ్విస్తారో తేదీ రాయించుకునే దాకా కదలకండి.