ఆయుష్షును కోరు వంటకము

మన పట్టణములలో నూడుల్స్ అనగానే తీరికలేనివారు పొట్లము చించి వేడినీట వేసికొను తిండియనియో, సాయంకాలమున వీథిబండి కడ పెనుమంటపై వేగి పళ్లెమునకు దిగు చిరుతిండియనియో తలచుట పరిపాటియైనది. కాని పుట్టినిల్లైన చైనాలో అది పుట్టినరోజులందును, అరువదియేండ్లు నిండిన పెద్దల వేడుకలందును దీర్ఘాయువును కోరి వడ్డించు మంగళపదార్థము. ఆ గౌరవముతోనే దానిని మన యిండ్లకును ఆహ్వానింపవలెనని నా మనవి.

దాని ప్రాచీనత సామాన్యమైనది కాదు. హ్వాంగ్‌హో నదీతీరమందలి లాజియా అను పురాతన గ్రామపు త్రవ్వకములలో, బోర్లపడిన మట్టిపాత్ర క్రింద, 50 సెంటీమీటర్లకు మించిన పొడవుగల పసుపువన్నె పోగులు, దాదాపు 4,000 ఏండ్లనాటివి, బయల్పడినవని 2005లో 'నేచర్' పత్రిక ప్రకటించినది. అవి కొర్రల, వరిగల పిండితో చేసినవని ఆ పరిశోధకులు నిర్ణయించిరి. మన మెట్టచేలలో పండు ధాన్యములతోనే పొత్తు గలిగిన ఈ వంటను కేవలము పరాయిదని త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

నేడు వేడుకకు వాడునది గోధుమపిండి. తూకమునకు రెండుపాళ్ల మైదాకు ఒకపాలు నీరును, చిటికెడు ఉప్పును చేర్చి గట్టిగా పిసికి, తడిగుడ్డ కప్పి అరగంట యుంచి, పిదప దానిని వ్రేలిలావు త్రాడుగా సాగదీసి, నూనె పూసిన పళ్లెములో చుట్టలుగా అమర్చి మరియొక గంట విడిచినచో, పిండిలోని బిగువు సడలి, లాగిన కొలది తెగక సాగును. అప్పుడు మరుగునీటి ముందు నిలిచి, ఒక కొనను గిన్నెలోనికి జారవిడిచి, రెండుచేతుల నడుమ సన్నగా లాగుచు, మొత్తమును ఒకే పోగుగా దింపవలెను. అల్లము వేసి కాచిన కోడిచారులో, రవ్వంత సోయా సాస్‌తో, ఉల్లికాడలతో, గ్రుడ్డుతో దానిని వడ్డింతురు. ఆ పొడవే ఆయుష్షునకు చిహ్నము గనుక వండువారు కత్తితో కోయరు. తినువారును వీలైనంతవరకు నడుమ కొరకరు.

ఇంత శ్రమకు నేడు తీరిక యెక్కడిదని అడుగవచ్చును. ఇందు కాలములో అధికభాగము పిండి నానుటకే చెల్లును, చేతిపని స్వల్పము. పైగా పండుగవంటకు పండుగదనమును తెచ్చునది పదార్థముల వెల కాదు, ఒకరి మేలు కోరి మరియొకరు వెచ్చించిన శ్రద్ధ. అరిసెల పాకమునకు పొయ్యి కడ నిలుచు మన తల్లులకు ఈ మాట కొత్తది కాదు. కావున బిడ్డల పుట్టినరోజున పాయసముతోపాటు ఈ నూడుల్స్‌ను ఇంటనే చేసి, పిల్లలచేతను పిండి లాగించి, దాని అర్థమును వారికి తెలిపి వడ్డింతుము గాక. పొరుగుజాతి వంటను స్వీకరించువారు దానితోడి శుభకామనను గూడ స్వీకరించుటయే మర్యాద.