పేరు గొప్ప.. ప్రాసెసర్ దిబ్బ!

పిల్లోడు కాలేజీలో చేరాడు, కంప్యూటర్ కొనాలి. తిరుత్తణి, తిరువళ్లూరు, పళ్లిపట్టు వైపు చాలా ఇళ్లలో ఇదే మాట. కొందరు ఊళ్లోని షాపులో అడుగుతారు, కొందరు లోకల్ రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోతారు. ఎక్కడికెళ్లినా చెవిన పడేది ఒకటే.. ‘ఐ5 తీసుకోండి సార్, ఐ7 అయితే ఇంకా సూపర్’. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఐ5, ఐ7 అనేవి ఇంటిపేరు లాంటివి. ఇంటిపేరు చూసి మనిషి వయసు చెప్పగలమా? 2011లో వచ్చిన ఐ7-2600కూ, 2022లో వచ్చిన ఐ3-12100కూ నాలుగేసి కోర్లు, ఎనిమిదేసి థ్రెడ్లు. పేరులో ఐ7 పెద్దది. పనిలో మాత్రం ఆ ఐ3 ముందు అది నిలవదు. పైగా విండోస్ 10కు సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కేమో ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పైవే పనికొస్తాయని మైక్రోసాఫ్ట్ లెక్క. ఇది తెలియక సెకండ్ హ్యాండ్ ‘ఐ7’ కొంటే మొదటి రోజు నుంచే తలనొప్పి. గీత తర్వాతి అంకెల్లోనే తరం ఉంటుంది. 2600 అంటే రెండో తరం, 12100 అంటే పన్నెండో తరం.

అంకెలు ఒకటే అయినా చివరి అక్షరం కొంప ముంచొచ్చు. ఐ5-12400, ఐ5-12400ఎఫ్ రెండింటికీ ఆరేసి కోర్లే. ఎఫ్ ఉన్నదాంట్లో గ్రాఫిక్స్ ఉండదు. కాస్త చౌక అని తెచ్చుకుంటే, విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టేదాకా తెరపై బొమ్మే రాదు. ఏఎండీ రైజెన్‌లో కొన్నింటికి ఇది తిరగబడుతుంది. 5600జీలో గ్రాఫిక్స్ ఉంది, ఉత్త 5600లో లేదు. ఆటలు ఆడేవాళ్లు ఎలాగూ కార్డు కొంటారు కాబట్టి వాళ్లకు ఎఫ్ లాభమే. పెళ్లిపత్రికలు కొట్టే డీటీపీ షాపుకు, బిల్లింగ్‌కు, చదువుకు మాత్రం గ్రాఫిక్స్ ఉన్నదే మేలు.

ఇక ఒకే తరంలో పక్కపక్క మోడళ్ల మధ్య తేడా మామూలు పనుల్లో కంటికి ఆనదు. దానికోసం అప్పు చేయక్కర్లేదు. ఒక మెట్టు దిగి, మిగిలిన డబ్బు ఎస్‌ఎస్‌డీ మీద, ర్యామ్ మీద పెడితే ఆ వేగం రోజూ తెలుస్తుంది.

మోసం అందరూ చేస్తారని కాదు. కానీ బిల్లులో ‘ఐ5 కంప్యూటర్’ అని రాసి ఊరుకుంటే రేపు ఏమని అడుగుతాం? మళ్లీ రైలెక్కితే ఒక రోజు కూలి పోయినట్టే. అందుకే డబ్బు చేతికివ్వకముందే మిషన్ ఆన్ చేయించండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ నొక్కితే ప్రాసెసర్ పూర్తి పేరు కనబడుతుంది. అదే పేరు అంకెలూ అక్షరాలూ పోకుండా జీఎస్టీ బిల్లు మీద రాయించుకోండి. కాలేజీలు కూడా అడ్మిషన్ల వేళ ఏ కోర్సుకు ఏది సరిపోతుందో తమిళంలో, తెలుగులో నోటీసు బోర్డు మీద పెడితే తల్లిదండ్రులకు సగం భారం తగ్గుతుంది.

చీర కొనేటప్పుడు కొంగు విప్పి, అంచు పట్టి చూస్తాం. వేలు పోసి కొనే కంప్యూటర్‌కు ఆ మాత్రం పరీక్ష వద్దా?