ఫ్రీ ఆట ఫ్రీ కాదు తమ్ముడూ

బటాంగ్ బెర్జుంటై నుంచి రాస్తున్న. బోర్డుల మీద ఇప్పుడు బెస్తారి జయ అని ఉంటది గానీ మా నోట్లో పాత పేరే నడుస్తది. ఈ రోజు ఆదివారం, వాన వదుల్తలేదు, అందుకే పెద్ద పోస్ట్. ఓపిక ఉన్నోళ్లు చివరిదాకా చదవండి.

పోయిన వారం మన వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి రాసిండు. కొంగ్సీలో పిల్లలు రాత్రంతా ఫోన్ల ఆటలు ఆడుతున్నరు, పొద్దున సైట్ మీద కునుకుతున్నరు, అందుకని రాత్రి తొమ్మిదికి సూపర్‌వైజర్లు ఫోన్లు గుంజుకోవాలె అని. చాలామంది బొటనవేలు పెట్టిన్రు. నేను పెట్టలేదు. ఎందుకో చెప్తా.

ఆయన భయం తప్పు కాదు. నిద్ర లేనోడిని పరంజా ఎక్కించడం అంటే ప్రాణంతో చెలగాటమే. కానీ తప్పంతా ఆటదే అనడం నేను ఒప్పుకోను. ఆటల్లో రెండు రకాలున్నయి.

1990ల్లో మా పాలమూరు దిక్కు టీవీ గేములు గంట లెక్కన ఆడనిచ్చే దుకాణాలు ఉండేవి. నా ఈడోళ్లకు మ్యాజిక్ జ్యువెలరీ అనే క్యాసెట్ యాదికి ఉంటది. మూడు రంగురాళ్లు ఒకదాని మీద ఒకటి నిలువుగా పడుతుంటయి. బటన్ నొక్కితే వాటి వరుస మారుతది. అడ్డంగా గానీ, నిలువుగా గానీ, ఏటవాలుగా గానీ ఒకే రంగువి మూడు కలిస్తే మాయమైతయి. పైన ఉన్నవి కిందికి జారి, మళ్లీ మూడు కలిస్తే అవి కూడా పోతయి. డబ్బా పైదాకా నిండితే ఆట ఖతం. మాలాంటి టైల్ పనోళ్లకు ఇది ఉల్టా లెక్క. మేం అతికించింది యాభై ఏండ్లు కదలొద్దు, ఆ ఆటలో కలిసింది వెంటనే పోవాలె. పది గంటలు లెవల్, స్పేసర్ చూసిన కండ్లకు అదొక రకం విశ్రాంతి.

నిజానికి అది నకలు ఆట. అసలుది కాలమ్స్. జే గీర్ట్‌సెన్ అనే అమెరికా ఆయన 1989లో తయారు చేస్తే, 1990లో సెగా కంపెనీ తీసుకుని మెగా డ్రైవ్ మీదికి తెచ్చింది. అదే ఏడాది తైవాన్‌లో హ్వాంగ్ షిన్‌వే అనే ఆయన ఫ్యామికామ్ మిషన్‌కు లైసెన్సు లేకుండా చేసిందే మన మ్యాజిక్ జ్యువెలరీ. అసలైనా నకలైనా బేరం ఒకటే. క్యాసెట్‌కు ఒకసారి పైసలు, అంతే. ఓడిపోతే మళ్లీ మొదట్నుంచి. ఇంకో పది రూపాయలిస్తే నాలుగు రాళ్లు తీసేస్తా అని ఆ క్యాసెట్ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పటి ఫోన్ ఆటల సంగతి వేరు. 2012లో వచ్చిన కాండీ క్రష్ కూడా మూడు రంగులు కలిపే ఆటే. ఆడడానికి పైసా అక్కర్లేదు. కానీ అయిదు ప్రాణాలే ఇస్తది, పోయిన ప్రాణం తిరిగి రావడానికి అరగంట పడుతది. ఆగలేనోడు పైసలు కట్టాలె. ఆ ఆట చేసిన కింగ్ కంపెనీని 2016లో యాక్టివిజన్ బ్లిజర్డ్ 590 కోట్ల డాలర్లకు కొన్నది. ఫ్రీగా పంచే దుకాణానికి అంత ధర ఎట్ల పలికిందో ఆలోచించండి. ఆడేటోళ్లలో చాలామంది ఒక్క పైసా పెట్టరు. పెట్టే కొద్దిమంది మీదనే దుకాణం నడుస్తది.

మన పాలమూరోళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. కరువు ఏడాది మేస్త్రీ ఇంటికొచ్చి అడ్వాన్సు చేతిలో పెడ్తడు. ఆ రోజు మనల్ని ఏమీ అడగడు. తర్వాత నెలల తరబడి ఏ డ్యామ్ కాడనో, ఏ కాల్వ కాడనో పని చేస్తం, లెక్కల బుక్కు మాత్రం ఆయన దగ్గర్నే ఉంటది. ముందు ఊరికే ఇచ్చి, తర్వాత లెక్క వాడే రాసుకునే దగ్గర జాగ్రత్తగా ఉండాలె.

మా దగ్గర ఒక పిల్లగాడున్నడు, టైల్ హెల్పర్. ఇంటి మీద ఏజెంటు అప్పు ఉంది. ఒక నెల ఇంటికి పైసలు తక్కువ పోయినయని వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది. కూర్చోబెట్టి లెక్క చూస్తే ఇట్లాంటి ఆట ఒకదాంట్లో పది పది రింగిట్లుగా 180 రింగిట్లు పోయినయి. ఆట పేరు రాయను. సిమ్ బ్యాలెన్స్ నుంచే కట్ అయితది కాబట్టి వానికి ఖర్చు పెట్టినట్టే అనిపించలేదు. చెడ్డ పిల్లగాడు కాదు, తాగడు, పేకాట ఆడడు.

మరి వాని ఫోన్ గుంజుకుంటే బాగుపడ్తడా? ఇక్కడ రాత్రి తొమ్మిదంటే మన ఊర్లో సాయంత్రం ఆరున్నర. అమ్మ చేను నుంచి వచ్చి, పిల్లలు బడి నుంచి వచ్చి ఇంట్లో ఉండే టైమ్ అదే. ఆ టైమ్‌లో ఫోన్ గుంజుకుంటే ఆట కంటే ముందు ఇల్లు బంద్ అయితది. ఇంటి మాటలు లేనోడికి సైట్ మీద మనసు నిలుస్తదా?

మేం చేసింది చెప్తా. ఫోన్‌లో కొనుగోలుకు పాస్‌వర్డ్ పెట్టించినం. సిమ్ బ్యాలెన్స్ నుంచి ఆటలకు కట్ కాకుండా ఆపించినం. జీతం పడ్డ రోజే ముందు ఇంటికి పంపాలె, మిగిలింది తర్వాత. పసర్ మాలంలో పాత ఆటలు నింపిన చిన్న చేతి మిషన్ దొరుకుతది, రూమంతా కలిసి ఒకటి కొన్నం. డబ్బా నిండినోడు పక్కోడికి ఇయ్యాలె. పదిన్నరకు లైట్లు బంద్. పాత ఆట కూడా నిద్ర తింటది, ఆ మాట నిజమే. కానీ పక్కన పెట్టినంక అది "రా, బోనస్ ఇస్త" అని అర్ధరాత్రి మోగదు. జేబులో చెయ్యి పెట్టదు.

పిల్లలకు ఆట కావాలె. అలసిన మనిషికి ఏదో ఒకటి కావాలె. ఆట తీసేసుడు కాదు, ఏ ఆట ఎట్ల పైసలు గుంజుతదో పిల్లలకు చెప్పుడు మన పని. గ్రూపులో ఫోన్ల మీద ఓటు పెడితే నా ఓటు వద్దు అనే. మీ కొంగ్సీలో ఎట్లున్నదో కింద రాయండి.