గాలి ఎటు పోతోందిరా?

ఏప్రిల్ రెండో వారం. ఆఫీసు నుంచి వచ్చి గ్రో టెంట్ జిప్ తీశాను. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు వేడి ముఖానికి కొట్టింది. లోపల పన్నెండు లెట్యూస్ మొక్కలు. ఆకులు వేలాడేశాయి. వారం నుంచి సాగుతున్న నడిమి కాడలు జానెడు పైకి లేచి, పూతకు సిద్ధమైపోయాయి. ఒక ఆకు తుంచి నోట్లో పెట్టుకున్నా. కాకరకాయే నయం! థర్మామీటర్ చూస్తే 39 డిగ్రీలు.

గ్రో టెంట్ తెలియనివాళ్లకు ఒక్క మాట. లోపల వెండిలా మెరిసే గుడ్డతో, బీరువా ఆకారంలో ఉండే గుడారం అది. పైన ఎల్‌ఈడీ లైటు, గాలి బయటికి లాగడానికి ఒక ఇన్‌లైన్ ఫ్యాన్, దానికి డక్ట్ పైపు. ఎండ పడని హైదరాబాద్ ఫ్లాట్‌లో ఆకుకూరలు పెంచుకోవాలనుకునే నాలాంటివాళ్లకు అదే పొలం. నాది 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు. పడగ్గదిలో ఓ మూలన ఉంటుంది.

మొక్కలు పోయాక అందరూ చేసే పనే నేనూ చేశా. ఇంకా పెద్ద ఫ్యాన్ కొన్నా. ఆ నెల సినిమాలు, బిర్యానీలు బంద్. తీరా చూస్తే తగ్గింది రెండు డిగ్రీలు. 39 కాస్తా 37 అయింది. కొత్తగా పెట్టిన నారు మళ్లీ తల వాల్చేసింది. టెంట్ అమ్మేద్దామని ఫోన్‌లో ఫొటోలు కూడా తీసిపెట్టుకున్నా.

అప్పుడే ఊరి నుంచి అమ్మ వచ్చింది. ఆ గదిలో రెండు నిమిషాలు కూర్చుని లేచిపోయింది. "పొయ్యి ముందు కూర్చున్నట్టుందిరా. ఆ గొట్టం లోంచి వచ్చే గాలి ఎటు పోతోంది?" అంది.

ఎటూ పోవట్లేదు. డక్ట్ పైపు చివర మంచం పక్కన పడి ఉంది. దుమ్ము వస్తుందని కిటికీ మూసేశా. టెంట్ వేడిని గదిలోకి తోసి, అదే గాలిని మళ్లీ టెంట్‌లోకి పీలుస్తున్నాను. ఇంత చదువు చదివి!

లైటంటే హీటరే

ఎల్‌ఈడీ చల్లగా ఉంటుందని అనుకుంటాం. పాత బల్బులతో పోలిస్తే అదే వెలుగుకు తక్కువ కరెంటు తింటుంది, అంతే. తిన్న కరెంటు మాత్రం దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. మొక్క ఆహారం తయారీకి వాడుకునేది చాలా కొంచెం. 100 వాట్ల లైటు పెట్టారంటే టెంట్‌లో 100 వాట్ల హీటర్ పెట్టినట్టే లెక్క.

ఫ్యాన్ ఏసీ కాదు

నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి బయటికి పోతే, 100 వాట్ల లైటున్న టెంట్ గది కంటే సుమారు మూడున్నర డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. గాలి 100కి పెంచితే తేడా రెండు డిగ్రీల లోపు. 200 చేస్తే ఒక డిగ్రీ. ఫ్యాన్ పెద్దదయ్యే కొద్దీ టెంట్ వేడి గది వేడికి దగ్గరవుతుంది కానీ, దానికన్నా కిందికి మాత్రం దిగదు. గది 36 ఉంటే ఎంత ఖరీదైన ఫ్యాన్ పెట్టినా 36 కన్నా తగ్గదు. నా డబ్బులు పోయింది ఇక్కడే.

కాబట్టి టెంట్ సంగతి చూసే ముందు గది సంగతి చూడండి.

వంటింటి సూత్రం

వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైన ఎందుకు పెడతారు? వేడి గాలి పైకి పోతుంది కాబట్టి. టెంట్‌కీ అంతే. పైనుంచి లాగాలి, కింది కిటికీల్లోంచి చల్లగాలి రావాలి. డక్ట్ పైపు వీలైనంత పొట్టిగా, బిగుతుగా లాగి పెట్టండి. ప్రతి వంపు దగ్గరా గాలి జోరు తగ్గుతుంది. నేను కిటికీ సందులో థర్మాకోల్ ముక్క కోసి, దానికి చిల్లు పెట్టి పైపు బయటికి తీశా. చివర దోమల జాలీ కట్టా. పడగ్గది తలుపు కాస్త తెరిచి ఉంచితే హాల్లోంచి గాలి వస్తుంది.

సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? జిప్ మూసి చూడండి. టెంట్ గోడలు కొంచెం లోపలికి పీల్చుకున్నట్టు ఉండాలి. మరీ కడుపు లోపలికి పోయినట్టుంటే కింది కిటికీలు ఇంకాస్త తెరవండి.

గదిలో ఏసీ నడుస్తుంటే లెక్క మారుతుంది. అప్పుడు పైపు బయటికి పెడితే చల్లగాలిని డబ్బులిచ్చి వీధిలోకి పంపినట్టే. గదిలోకే వదిలేయండి. ఒక టన్ను ఏసీ సుమారు 3,500 వాట్ల వేడి లాగగలదు. మీ 100 వాట్లు దానికో లెక్క కాదు.

పగలు చీకటి, రాత్రి వెలుగు

ఇది పైసా ఖర్చు లేని చిట్కా. మొక్కకు ఎన్ని గంటల వెలుగన్నదే లెక్క. మన గడియారంతో దానికి పని లేదు. సాయంత్రం 7కి లైటు వేసి, పొద్దున 9కి ఆపేలా టైమర్ పెట్టా. 14 గంటలు పూర్తి. ఊరంతా మండే మధ్యాహ్నం టెంట్‌లో హీటర్ ఆగిపోతుంది. థర్మామీటర్‌ను ఆకుల ఎత్తులో, లైటు నేరుగా పడకుండా వేలాడదీయండి. లేకపోతే తప్పుడు అంకె చూపిస్తుంది.

నీళ్ల బకెట్లో పెంచేవాళ్లకు ఇంకో జాగ్రత్త. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. వేర్లు గోధుమ రంగుకు తిరిగి కుళ్లుతాయి. 25 డిగ్రీలు దాటకుండా చూసుకోవడం మంచిది.

వైర్ల విషయంలో మాత్రం బద్ధకం వద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద పెట్టకండి. వైరు ప్లగ్ కంటే కిందికి వంగి పైకి వెళ్లేలా ఉంచితే, నీటి చుక్క జారినా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

వాన పడితే వేరే కథ

జూన్ తర్వాత సమస్య వేడి కాదు, తేమ. బయటి గాలే తడిగా ఉంటుంది. గాలి కదలకపోతే ఆకుల మీద తెల్లటి బూడిద తెగులు వస్తుంది. మొక్కల మధ్య ఎడం ఉంచండి. చిన్న క్లిప్ ఫ్యాన్ పెట్టి ఆకులు మెల్లగా ఊగేలా చూడండి. లైటు ఆపినప్పుడు ఎగ్జాస్ట్ పూర్తిగా ఆపకండి, తక్కువ స్పీడులో తిరగనివ్వండి. చల్లబడేకొద్దీ తేమ శాతం పెరిగేది అప్పుడే.

మరి నా టెంట్ సంగతి? పైపు కిటికీ బయటికి, లైటు రాత్రికి మారాక 31, 32 దగ్గర నిలబడింది. తులసికి చుట్టమైన బేసిల్ హాయిగా పెరిగింది. లెట్యూస్‌కి మాత్రం అదీ ఎక్కువే. 18 నుంచి 24 మధ్య ఉంటేనే దానికి సుఖం. ఏసీ లేని గదిలో, మే నెలలో ఫ్యాన్‌తో అది సాధ్యం కాదు. నవంబర్ దాకా విత్తనాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టేశా.

అమ్మ వెళ్లేముందు బాల్కనీలో రెండు కుండీల్లో తోటకూర చల్లిపోయింది. ఫ్యాన్ లేదు, టైమర్ లేదు. మూడు వారాలకు పప్పులోకి వచ్చింది.

టెంట్ అయితే అమ్మలేదు. మీరూ అమ్మకండి. పెద్ద ఫ్యాన్ కొనేముందు మాత్రం ఒక్కసారి పైపు చివర చెయ్యి పెట్టి చూడండి, ఆ గాలి ఎటు పోతోందో.