సేవకు పంపేముందు కాగితాలు చూడండి



ఈ సంచిక పని మొదలుపెట్టిన వారంలోనే మన సంఘం వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది.  అమెరికాలోని మన సభ్యుల పిల్లలిద్దరు ఇండియాలో అమ్మమ్మగారి ఊళ్లో యువజన శిబిరానికి వెళ్లారు. వేదికెక్కి సాక్ష్యం చెప్పారు, పాటలు పాడారు. మర్నాడు పోలీసు స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. ఏ వీసా మీద వచ్చారు, ఎవరు పిలిచారు, ఏం మాట్లాడారు అంటూ సాయంత్రం దాకా ప్రశ్నలే. దేవుని దయవల్ల పిల్లలు క్షేమంగా ఇల్లు చేరారు. ఆ తల్లి పడ్డ వేదన ఇంకెవరికీ రాకూడదు. దయచేసి వివరాల కోసం ఆ కుటుంబానికి ఫోన్లు చేయకండి. ప్రార్థన చేయండి, చాలు.

ఆ రోజు గ్రూపులో ఎక్కువమంది పెట్టిన సందేశం ఒకటే: "మనకు ఓసీఐ ఉందిగా, ఏం భయం?" ఆ ధీమా చూసే ఎక్కువ భయమేసింది. 2021 మార్చి 4న భారత హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. ఓసీఐ, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు ఉన్నవారు మిషనరీ కార్యకలాపాలు చేయాలంటే ముందుగా అక్కడి విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్ఆర్ఆర్ఓ) దగ్గరో, ఇక్కడి భారత కాన్సులేట్ దగ్గరో ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. తబ్లీగ్‌కూ, పాత్రికేయానికీ, పరిశోధనకూ, పర్వతారోహణకూ అదే నియమం. అనుమతి లేకుండా చేస్తే ఆ కార్డుకే ముప్పు రావచ్చు. ఆ కార్డు పోతే అమ్మానాన్నలకు ఒంట్లో బాగోలేదని తెలిసినా, రాత్రికి రాత్రి విమానం ఎక్కే వీలుండదు. అది మరిచిపోకండి.

ఓసీఐ లేని పిల్లల్ని ఈ-టూరిస్టు వీసా మీద పంపుతున్నారు. నెలకు మించకుండా, పైసా ప్రతిఫలం తీసుకోకుండా చేసే స్వచ్ఛంద సేవకు ఆ వీసా ఒప్పుకుంటుంది. మత ప్రచారానికి మాత్రం మిషనరీ వీసా వేరే ఉంది. 2022 అక్టోబరులో అస్సాంలో టూరిస్టు వీసాపై వచ్చి మత కార్యక్రమాల్లో పాల్గొన్నారని జర్మన్లనూ స్వీడన్ దేశస్థులనూ అధికారులు పట్టుకున్నారు. మన పిల్లల పాస్‌పోర్టు కూడా విదేశీ పాస్‌పోర్టే. ఇంటిపేరు తెలుగుదైనంత మాత్రాన చట్టం మారదు.

బళ్లో పిల్లలకు లెక్కలు చెప్పడం వేరు, వేదికెక్కి వాక్యం చెప్పడం వేరు. శిబిరంలో రెండూ ఒకే రోజు, ఒకే పందిరి కింద జరుగుతాయి. చిక్కంతా అక్కడే. కాబట్టి పిలిచిన బడి నుంచి, మీ అమ్మాయి ఏ తేదీల్లో ఏ పని చేస్తుందో రాసిన ఉత్తరం ముందే తెప్పించుకోండి. టికెట్ కొనకముందే ఆ ఉత్తరంతో కాన్సులేట్‌ను అడగండి. మనవాళ్లు టికెట్ కొన్నాక అడుగుతారు, కొందరు దిగాక అడుగుతారు. ఇక పిలిచే పాస్టరు గారికి మీరే గట్టిగా చెప్పండి: "మా పిల్లల ఫొటోలు ఫ్లెక్సీల మీద వేయొద్దు, 'అమెరికా నుండి విచ్చేసిన యౌవన దైవజనులు' అని కరపత్రం కొట్టించొద్దు" అని. ఆయన ప్రేమతోనే వేయిస్తారు. తర్వాత స్టేషన్‌లో జవాబు చెప్పాల్సింది మాత్రం మీ పిల్లలు.

అరకు చూపిస్తామని తీసుకెళ్లి అటునుంచి కొరాపుట్ గ్రామాలకు తిప్పేవాళ్లున్నారు. సరిహద్దు దాటితే ఒడిశా. మత మార్పిడులపై అక్కడ 1967 నుంచీ చట్టం ఉంది. తిరుమల వంటి పుణ్యక్షేత్రాల్లో ఇతర మత ప్రచారం కూడదని ఆంధ్రప్రదేశ్‌లోనూ 2007లో చట్టం వచ్చింది. ఇతరుల విశ్వాసాన్ని గౌరవించడం మన విశ్వాసంలో భాగమేనని పిల్లలకు బయల్దేరేముందే నేర్పండి.

డబ్బు సంగతి. పిల్లల చేతికి కవరిచ్చి "హాస్టల్ వాళ్లకు ఇచ్చిరా" అనకండి. విదేశీ పౌరులిచ్చేది, ఓసీఐ ఉన్నా సరే, విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టమైన ఎఫ్‌సీఆర్ఏ కింద అనుమతి ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే చేరాలి. మీ కవరు వల్ల ఆ హాస్టల్ మూతపడితే నష్టపోయేది అక్కడి పిల్లలే.

ఆ పిల్లల గురించీ ఒక మాట. ఇక్కడ వేసవి బైబిలు బడి, అంటే వీబీఎస్‌లో పాఠం చెప్పాలంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ లేనిదే గదిలోకి రానివ్వం. అక్కడికెళ్లగానే ఆ నియమాలన్నీ ఎందుకు వదిలేస్తాం? ఏ బిడ్డతోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదు, పెద్దవాళ్లు ఇద్దరుండాలి. హాస్టల్ పిల్లల ముఖాలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకూడదు. పిల్లలపై లైంగిక వేధింపు జరిగినట్టు తెలిస్తే దాచకూడదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే.

ఇక సమయం సంగతి. మన పిల్లలకు సెలవులు మొదలయ్యేసరికి అక్కడ వీబీఎస్‌లు ముగింపుకొస్తాయి. సాధారణంగా జూన్ మధ్యకల్లా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు తెరుస్తారు. అడ్మిషన్ల హడావుడిలో ఉన్న టీచర్ల మధ్యకు తెలుగు రాని పిల్లల్ని పది రోజులకు పంపి, కాలేజీ దరఖాస్తులో చూపే సర్వీస్ అవర్స్ సంతకం పెట్టించుకుని తేవడం సేవ ఎలా అవుతుంది? ఆనాటి మిషనరీలను చూడండి. రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం వచ్చి 1843లో బడి తెరిచారు, 1865లో అక్కడే కన్నుమూశారు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి 1930లో తుదిశ్వాస విడిచేదాకా ఆ ఊరినే నమ్ముకున్నారు. మన పిల్లలను జీవితమంతా ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. వెళ్లేముందు ఏడాదిపాటు తెలుగు చదవడం నేర్పించండి. తిరిగొచ్చాక వారానికో గంట అదే బడి పిల్లలకు వీడియోలో ఇంగ్లిషు కథ చదివి వినిపించమనండి. కాలేజీ దరఖాస్తు పంపేశాక కూడా ఆ గంట ఆగకూడదు.

     



తల్లిదండ్రులారా, పిల్లల్ని సేవకు పంపడం మానకండి. సరైన అనుమతితో, నేర్చుకున్న తెలుగుతో పంపండి. టికెట్ కొనేముందు మాతో ఒక్కసారి మాట్లాడండి.

ప్రభువు సేవలో,
సంపాదకవర్గం