పెరుగన్నానికి కాపలా ఎవరు?

ధర్మవరం జంక్షన్‌లో రైలెక్కినా, పుట్టపర్తి నుంచి బస్సులో బయల్దేరినా చాలా కుటుంబాల సంచుల్లో పెరుగన్నం పొట్లం కనిపిస్తుంది. ఎండల్లోనూ అది తొందరగా చెడిపోదని పెద్దలంటారు. ఆ మాటలో నిజముంది. అయితే ఎంతవరకు?

పాలలో తోడు వేయగానే లాక్టిక్ బ్యాక్టీరియా పాలలోని చక్కెరను పులుపుగా మారుస్తుంది. చెడు క్రిములకు ఆ పులుపే మొదటి అడ్డు. కొన్ని రకాల బ్యాక్టీరియా అంతటితో ఆగక, బ్యాక్టీరియోసిన్లు అనే చిన్న ప్రోటీన్లను కూడా వదులుతాయి. తిండి కోసం, చోటు కోసం పక్క క్రిములతో చేసే పోరులో అవే వాటి ఆయుధాలు.

వీటిలో పేరుమోసింది నైసిన్. లాక్టోకాకస్ లాక్టిస్ అనే పాల బ్యాక్టీరియా తయారుచేసే ఈ పెప్టైడ్‌లో ఉండేవి 34 అమైనో ఆమ్లాలే. 1928లో అమెరికాలో దీని జాడ తెలిసింది. 1947లో ఇంగ్లండులో మాటిక్, హిర్ష్ దీనికి పేరు పెట్టారు.

ఇది చంపే తీరు చిత్రమైనది. బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోవడానికి కావలసిన 'ఇటుకల'ను లిపిడ్-2 అనే అణువు మోసుకొస్తుంది. నైసిన్ సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. గోడ పని ఆగిపోతుంది. ఆ పట్టుతోనే పొరకు చిల్లులు పొడుస్తుంది. లోపలి సారమంతా కారిపోయి క్రిమి చస్తుంది. లిస్టీరియా, స్టెఫైలోకాకస్ వంటివి దీనికి లొంగుతాయి. మన కణాలకు అలాంటి గోడ లేదు. పైగా మన జీర్ణరసాలు నైసిన్‌ను మామూలు ప్రోటీన్‌లాగే అరిగించేస్తాయి. అందుకే చీజ్ వంటి వాటిలో కలుపుతారు. ప్యాకెట్ మీద 234 అనే అంకె ఉంటే అది నైసినే.

అలాగని పెరుగు మీద భారం వేసి ఊరుకోకూడదు. సాల్మొనెల్లా, ఇ.కోలై వంటివాటికి అదనంగా బయటి పొర ఉంటుంది. నైసిన్ ఒక్కటే దాన్ని దాటలేదు. మన ఇంటి తోడులో నైసిన్ చేసే రకం ఉందో లేదో కంటికి తెలియదు. అన్నంలోని బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడికినా చావవు. అన్నాన్ని గంటల తరబడి అలాగే వదిలేస్తే మొలకెత్తి విషం వదులుతాయి. తర్వాత పెరుగు కలిపినా, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు.

కాబట్టి రాత్రి మిగిలిన అన్నంలో కాదు, అప్పుడే వండి చల్లార్చిన అన్నంలో పెరుగు కలపండి. చేతులు కడుక్కుని కలపండి. ఆ పూటకే తినేయండి.